మూరెడు ముందుకొచ్చిన గోడ

ఎల్లారెడ్డిలో గఫూర్ మేస్త్రి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆయన నోరు. ఎవడి గోడ వంకర పోయినా దాని ముందే నిలబడి చెడామడా కడిగేసేవాడు. మండలాలు ఏర్పడిన కొత్తలో ఊరు పెరగడం మొదలైంది. ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకుంటూ పోతే గల్లీల్లో మనిషికి మనిషి ఎదురైనా తప్పుకోలేని రోజులొస్తాయని, మేస్త్రీలందరినీ పోగేసి సంఘం పెట్టించింది ఆయనే. అందరూ కలిసి ఆయన్నే సంఘానికి పెద్దగా, సదర్‌గా ఎన్నుకున్నారు.

సంఘం మంచి పనులే చేసింది. ఒకరి సెంట్రింగ్ చెక్కలు ఇంకొకరికి అక్కరకొచ్చేవి. సంఘంలో ఎవరింటికి స్లాబ్ పడ్డా మిగతావాళ్లు తమ పనులు ఆపి వచ్చి తట్టలందించేవారు. బస్టాండు వెనక కొత్త గల్లీలో ట్రాక్టరు తిరగాలని, పక్కన మురుగునీళ్ల మోరీ పారాలని స్థలాలవాళ్లను ఒప్పించి ముందు జాగా వదిలించారు. ఇందుకోసం ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ముందు గోడ ఎక్కడిదాకా రావాలో చూపే దారాన్ని ఇల్లు కట్టే మేస్త్రి తానే కట్టకూడదు. సంఘంలోని ఇంకో మేస్త్రి వచ్చి పునాదికి మేకులు కొట్టి, దారం లాగి పోవాలి. ఇంటాయన బతిమాలితే కట్టే మేస్త్రి మెత్తబడతాడని గఫూరే ఈ ఏర్పాటు చేయించాడు.

గల్లీ మొదట్లో ఈరవ్వ ఇల్లు. మొగుడు పోయాక ఇంటి ముందు అరుగు మీద కూరగాయలు పెట్టుకొని అమ్మేది. ఆ అరుగు దారం దాటి ముందుకొచ్చింది.

"అవ్వా, గల్లీ అందరిది. నువ్వొక్కదానివి పట్టు పడితె ఎట్ల?" అని గఫూర్ ఆమె గడపలో కూర్చుని నచ్చజెప్పాడు.

"నీ మాట మీద తీపిస్త కొడుకా," అంది ఈరవ్వ చివరికి. అప్పటినుంచి ముసలిది గంప మోసుకుని బజారుకు పోయి ఎండలో కూర్చుంటోంది.

తర్వాత గఫూర్ అదే గల్లీ చివర సొంత ఇల్లు మొదలుపెట్టాడు. కామారెడ్డి నుంచి సిమెంటు తెప్పించి ముందు గదిలో దుకాణం పెట్టాలని ఆయన ఆశ. గది ఎన్నిసార్లు కొలిచినా ఇరుకనిపించేది. దారం కట్టే వంతు మోత్యాది. తండా నుంచి కూలికొచ్చి, గఫూర్ చేతికింద పని నేర్చి, మేస్త్రి అయినవాడు మోత్యా.

"నాగిరెడ్డిపేటల నీ పని ఆగింది గద, పో. నా ఇంటికి దారం నేనే కట్టుకుంట," అన్నాడు గఫూర్.

"నువ్వు కట్టినంక నేను చూసేదేముంది ఉస్తాద్!" అని మోత్యా నవ్వుతూ బస్సెక్కాడు.

గఫూర్ మేకును మూరెడు ముందుకు దిగ్గొట్టాడు. మధ్యలో అన్నీ ఖాళీ జాగాలే కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. భార్య రహీమా ఒక్కతే పునాది వైపు చూసి, "ఇంత ముందుకా?" అంది. ఆయన గయ్యిమన్నాడు. తప్పు చేసిన రోజున ఆయన గొంతు ఇంకాస్త పెద్దదయ్యేది.

స్లాబ్ రోజున సంఘమంతా దిగింది. బిచ్కుందలో ఒప్పుకున్న పని ఆపుకొని హన్మండ్లు మేస్త్రి కూడా వచ్చాడు. పొద్దు వాలేలోగా స్లాబ్ పడింది. అన్నాలకు కూర్చునే వేళకు ఈరవ్వ ఇంత కొత్తిమీర కట్ట తెచ్చి రహీమా చేతిలో పెట్టి, తానూ ఓ పక్కన కూర్చుంది. గఫూర్ ఆమె వైపు చూడలేక నీళ్ల చెంబు కోసం వెతుక్కున్నాడు.

అప్పుడే పక్క జాగా ఆసామి లింగయ్య అడిగాడు. "మోత్యా, రేపు నా పునాదికి దారం నువ్వే గద. ఎక్కడికెల్లి లాగుతవు?"

"ఎక్కడికెల్లి ఏంది? మా ఉస్తాద్ గోడ మూలకెల్లి లాగుత. గా గోడ ఎన్నడన్న తప్పు పోతదా?"

గఫూర్ చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. లింగయ్య గోడ ముందుకొస్తే దాని పక్కది ముందుకొస్తుంది. గల్లీ పొడుగునా అదే వరస. ట్రాక్టరూ రాదు, మోరీకీ జాగా ఉండదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ మోత్యా ఆ మాట ఎంత నమ్మకంగా అన్నాడు! సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"నా గోడకెల్లి వద్దు," అన్నాడు. "ఈరవ్వ గోడకెల్లి లాగు. నాది మూరెడు ముందుకొచ్చింది. నేనే జరిపిన."

మోత్యా పరాచికమనుకొని నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి వాడి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఈరవ్వ ఆ గోడను కిందినుంచి పైదాకా చూసింది. "నా అరుగు గూడ గంతనే ఉండె కొడుకా," అంది. ఆమె గొంతులో కోపమేమీ లేదు.

పచ్చి స్లాబ్ బరువంతా ఆ గోడ మీదే ఉంది. దాన్ని కదిలించే వీల్లేదు. గఫూర్ సదర్ పదవి వదిలేశాడు. ముందు గదిలో కూరగాయలు పెట్టుకొని కూర్చోమని ఈరవ్వను ఎంత బతిమాలినా ఆమె రాలేదు, దుకాణం పెట్టడానికి ఆయనకూ మనసు రాలేదు. కొన్నేళ్లకు మోరీ వచ్చింది. గల్లీ పొడుగునా తిన్నగా వచ్చి ఆయన ఇంటి దగ్గర మెలిక తిరిగింది. దాన్ని కట్టిందీ మోత్యానే. ఆ మెలిక దగ్గర పనిచేసినన్నాళ్లూ వాడు ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేదని గఫూర్ చచ్చేదాకా అనుకున్నాడు.