టీచరుగారు నానబెట్టిన కుంకుడుకాయలు

మా బడి సైన్సు టీచరుగారు పోయారు. మొన్న మల్కాపురం బడిలో ప్రార్థన ముగుస్తుండగా పెందుర్తి నుంచి వాళ్ళబ్బాయి కబురు పంపాడు.  పిల్లల్ని క్లాసుల్లోకి పంపి పెందుర్తి బస్సెక్కాను.

ఆవిడా నేనూ చాలాకాలం ఒకే బడిలో పాఠాలు చెప్పాం. మా బడి పిల్లల నాన్నలు పోర్టులోనో రిఫైనరీలోనో పనిచేసేవారు. ఆ ఇళ్ళలో జిడ్డు వదలాలంటే అన్నిటికీ బట్టల సోడాయే. దాంతో కడిగీ కడిగీ పిల్లల వేళ్ళు పగిలి, పలక పట్టుకోడానికి ఏడ్చేవారు. అది చూడలేక టీచరుగారు కుంకుడుకాయలూ సీకాయా రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఉడికించి, పాత పంచెలో వడగట్టి, ఆ రసం సీసాలో పోసి బడి కుళాయి దగ్గర పెట్టారు. పిల్లల వేళ్ళు మానాయి.

ఇక ఊరుకుంటారా! వన్ టౌన్‌లో టీచర్ల శిక్షణ జరుగుతుంటే అక్కడికీ గంగాళం మోయించారు. మీలో ఎవరైనా ఆ క్లాసుకు వచ్చుంటే గుర్తుండే ఉంటుంది. మేష్టార్ల చేతికి సుత్తులిచ్చి, "సారూ, మీరు పిక్కలు తియ్యండి. సంతకాలెట్టే సేతులే గదా, అరిగిపోవు" అనేవారు. నురగ తక్కువని ఎవరైనా పెదవి విరిస్తే, "నురగతో మనకేటి పని? కడుక్కున్న సెయ్యి ముట్టుకు సూడండి" అనేవారు.

ప్రతి బడి కుళాయి దగ్గరా ఆ సీసా ఉండాలని ఆవిడ ఆశ. రిటైరయ్యే ఏడు, జిల్లా టీచర్లందరికీ ఒకరోజు నేర్పి చూపించండి, బాగుంటే ఏటా పెడదాం అన్నారు విద్యాశాఖ ఆఫీసరుగారు. రెండు గంగాళాల నిండా కాయలు నానబెట్టారు. తీరా వెళితే హాలు ఖాళీ. ముందురోజు సాయంత్రమే అందరికీ ఎన్నికల డ్యూటీలు పడ్డాయిట. మా ఇద్దరికే కబురందలేదు.

"వచ్చే ఏడు పెడతార్లెండి" అన్నాను.

"వచ్చే ఏడు నానెక్కడుంటానమ్మా" అన్నారు.

నానిన కాయ ఆగదు, పులిసిపోద్దని ఆ వీధి ఆడవాళ్ళను పిలిచి పంచేశారు. నవ్వుతూనే పంచారు. బస్సులో మాత్రం మల్కాపురం వచ్చేదాకా ఖాళీ గంగాళాలు కొంగుతో తుడుస్తూనే ఉన్నారు. ఆ క్లాసు మళ్ళీ ఎవరూ పెట్టలేదు. ఆ ఒక్కరోజూ జరిగుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ నా మనసు పీకుతూనే ఉంటుంది.

పెందుర్తిలో ఆవిణ్ణి సాగనంపాక ఆడవాళ్ళం పెరట్లో తలస్నానాలకు నిలబడ్డాం.

"కుంకుడుకాయలున్నాయా అమ్మా?" అని వాళ్ళ కోడల్ని అడిగాను.

"మా అత్త మంచాన పడ్డాక ఎవులు కొడతారండీ" అని, కళ్ళు తుడుచుకుంటూ షాంపూ పేకెట్లు తెచ్చింది.

ఆవిడ దగ్గర నేర్చుకున్న టీచర్లం అక్కడ చాలామందిమే ఉన్నాం. ఒక్కొక్కరం చెయ్యి చాపి, ఒక్కో పేకెట్ తీసుకున్నాం.