మంచినీళ్ళు పోసిన పాపం

మొన్న సీతమ్మధారలో మా మనవరాలికి రంగుచేపలు కొనిపెడితే, ఈ మందుచుక్కలు వెయ్యకుండా కుళాయినీళ్ళలో వదలొద్దని షాపతను మరీమరీ చెప్పాడు. ఆ ముక్క మా అమ్మకు చెప్పేవాళ్ళు అప్పట్లో ఎవరూ లేకపోయారు కదా అనుకుంటూ ఇంటికొచ్చాను.

నాన్నకు పోర్టులో ఉద్యోగమొచ్చి గోదావరి ఒడ్డునుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో అమ్మకిక్కడ ఏదీ గిట్టలేదు. నీళ్ళు చప్పన, గాలి జిడ్డు, సముద్రం హోరుకి నిద్రపట్టదు, వెనక్కి వెళ్ళిపోదామని నాన్న ప్రాణం తోడేసేది. నాకేమో సముద్రం వెనక్కి తగ్గాక ఒడ్డున రాళ్ళ మధ్య మిగిలే నీటిగుంటలంటే పిచ్చి. ముట్టుకుంటే ముడుచుకుపోయే పువ్వుల్లాంటి జీవులూ, ఖాళీ గవ్వలో కాపురం పెట్టి దాన్ని మోసుకు తిరిగే పీతలూ, గోరంత చేపలూ, ఒక్కో గుంటలో ఒక్కో సంసారం. అవి చూస్తేనైనా అమ్మ మనసు మారుతుందేమోనని, ఓ ఆదివారం పొద్దున్నే నాలుగు పీతల్నీ రెండు చేపల్నీ ఇత్తడిగిన్నెలో సముద్రపు నీళ్ళతో సహా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

అమ్మ మురిసిపోయింది, పొయ్యిమీద పప్పు మాడినా చూసుకోలేదు. నేను ఆటకి వెళ్ళగానే, పాపం ఈ ఉప్పునీళ్ళలో ఎలా బతుకుతున్నాయో అని జాలిపడి, వీధికుళాయి దగ్గర గంటసేపు నిలబడి పట్టుకున్న మంచినీళ్ళు మార్చి పోసిందట. ఆ రోజుల్లో బిందెడు నీళ్ళ విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి చేపలు తేలిపోయాయి, పీతలు గవ్వల్లోంచి బయటపడి చచ్చిపోయాయి.

చేపలమ్మే ఆవిడ గుమ్మంలో గంప దించి గిన్నెలోకి చూసింది.

"మంచినీలు పోసీసినావేటమ్మా? ఉప్పులో పుట్టినాటికి అదే ఇసం. దేని నీలు దానికే."

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఏడుపు కన్నా భయం ఎక్కువైంది, ఇక ఈ ఊళ్ళో ఒక్కరోజు కూడా ఉండదని.

సాయంత్రం నీళ్ళు తగ్గే వేళకు తనే నా చెయ్యి పట్టుకుని, ఆ ఖాళీ గవ్వలు కొంగున కట్టుకుని రాళ్ళ దగ్గరికి బయల్దేరింది. వాటిని గుంటలో వదిలి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఓ బుల్లిపీత వచ్చి, ఒక గవ్వని అటూఇటూ తడిమి, తన ఇరుకుగవ్వ వదిలేసి చటుక్కున అందులోకి దూరింది. అమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. ఆ తర్వాత వెళ్ళిపోదామన్న మాట ఆవిడ నోట నేను వినలేదు.

ఇప్పుడా రాళ్ళమీద ఫోటోలు దిగేవాళ్ళే గానీ గుంట పక్కన గొంతుక్కూర్చునేవాళ్ళు లేరు. కిందటి నెల వెళ్ళినప్పుడు, గవ్వ దొరక్క కాబోలు, కూల్‌డ్రింకు సీసామూతలో ఒళ్ళు దాచుకుని ఈడ్చుకుపోతున్న పీతను చూశాను. అమ్మ ఉంటే పద, మనూరెళ్ళిపోదాం అనేదేమో. ఆవిడకి గోదావరి ఉండేది. నాకు ఈ ఊరు తప్ప ఇంకో ఊరు లేదు.