తాళం లాగి చూసే మనిషి

భోజనాల వేళకు మా అమ్మాయి ఈ మధ్య టీవీలో ఒక కామెడీ సీరియల్ పెడుతోంది. ఒకే గదిలో అద్దెకుండే ఇద్దరు కుర్రాళ్ళ కథ. ఒకడు మాటకారి, రెండోవాడు మెతక. మాటకారి నోరు తెరిస్తే మెతకవాడి మీద జోకు పడాల్సిందే, వాడూ అందరితో కలిసి నవ్వాల్సిందే. మొన్న ఆదివారం అది చూస్తూ తల్లీకూతుళ్ళు వాదనలో పడ్డారు. వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులేనని మా ఆవిడ, గది ఒకటే కాబట్టి సర్దుకుపోతున్నారు తప్ప అది స్నేహమే కాదని అమ్మాయి.

"ప్రాణస్నేహితుడైతే పదిమందిలో అలా పరువు తీస్తాడా అమ్మా?"

"చనువుంటేనే కదే తీసేది! పరాయివాణ్ణి ఎవడంటాడు?"

ఎటూ తెగక, "నాన్నా, లెక్కల మనిషివి కదా, నువ్వు తేల్చు" అని నా మీదికి తోసింది అమ్మాయి.

నా లెక్కలు బడిలో నేర్చినవి కావు. పని చేస్తూ, తప్పుతూ, సొంతంగా పట్టుబడినవి. అయినా లెక్కంటే రెండు పక్కలా చూడటమే అని నా నమ్మకం కాబట్టి, మాటకారి ఎన్నిసార్లు అన్నాడు, మెతకవాడు ఎన్నిసార్లు ఎదురన్నాడు అని వేళ్ళ మీద మొదలుపెట్టాను. ఒక చేతి వేళ్ళన్నీ ముడిచినా రెండో చెయ్యి అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆ తెరిచి ఉన్న చెయ్యి చూసేసరికి నా రూమ్మేటు గుర్తొచ్చాడు.

పెళ్ళికి ముందు నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడ మీద నెలవారీ గదిలో ఉండేవాణ్ణి. మాది మైలవరం పక్క. కలప అడితిలో దుంగలు కొలిచి ఘనపుటడుగులు కట్టే పని. రూమ్మేటుది చల్లపల్లి దాటాక ఒక పల్లె. హోల్‌సేల్ మందుల షాపులో పని. సాయంత్రం కరెంటు పోగానే గదుల్లో వాళ్ళందరూ వరండాలో చేరేవాళ్ళు, ఇక అక్కడ మా ఇద్దరిదే ఆట. వాడికో అలవాటుండేది. గదికి తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగి చూసేవాడు. దాన్ని నేను వాడి నడకతో సహా చేసి చూపిస్తుంటే వరండా అంతా పడిపడి నవ్వేది. "గురూ, ఇవాళ తాళం సీను లేదా?" అని అడిగి మరీ చేయించుకునేవాళ్ళు. అందరికన్నా ముందు నవ్వేది మా వాడే. అన్నదమ్ములైనా ఇంత కలిసి ఉండరని లాడ్జి మేనేజరు గారు అనేవారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒకసారి నేనే తాళం సరిగా వేయకుండా, ఏదో కొలత మనసులో కట్టుకుంటూ దిగిపోతే, వాళ్ళ నాన్న కొనిచ్చిన రేడియో పోయిందనీ, ఆ అలవాటు ఆ తర్వాతే మొదలైందనీ మాత్రం వరండాలో నేనెప్పుడూ చెప్పలేదు. వాడూ చెప్పలేదు.

ఆ రోజుల్లో పట్నంలో పనిచేసే కుర్రాడికి పిల్లనిచ్చేముందు, పిల్ల తరఫు పెద్ద ఒకాయన కుర్రాడు లేని వేళ చూసి వచ్చి రూమ్మేటుని వాకబు చేసేవాడని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తల్లిదండ్రుల మాటకు లేని విలువ రూమ్మేటు మాటకుండేది.

గుడివాడ పక్క సంబంధం ఒకటి మా వాడికి దాదాపు కుదిరింది. పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల తలెత్తి, "బెజవాడలో ఎండలు ఎక్కువటగా?" అని అడిగిందట. ఆ ఒక్క మాటనే వాడు నాకు తిప్పి తిప్పి చెప్పుకుని మురిసిపోయేవాడు. గదికి కొత్త కర్టెను కూడా కొన్నాడు, ఎండ పడకుండా.

వాడు ఊరెళ్ళిన ఒక ఆదివారం పిల్ల బాబాయి వచ్చారు. కుర్చీ వేసి టీ తెప్పించాను. తాగుడు లేదు, పేకాట లేదు, బంగారం లాంటి మనిషండీ అన్నాను. అక్కడితో ఊరుకుంటే పోయేది. కానీ పక్కగది కుర్రాళ్ళు గుమ్మంలో నిలబడి నా నోటివంక చూస్తున్నారు.

"ఒక్కటేనండీ, తాళం నాలుగుసార్లు లాగి చూడందే కదలడు. రేపు తాళి కట్టాక ముడి పడిందో లేదో రోజూ లేచి చూసుకుంటాడేమో!"

కుర్రాళ్ళు గొల్లుమన్నారు. ఆయనా నవ్వి, టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

వారం తిరక్కముందే మధ్యవర్తి మా గదికొచ్చి, మా వాడి ముఖం చూడలేక గోడవంక చూస్తూ చెప్పాడు. "అనుమానం మనిషని భయపడ్డారయ్యా. తాళం నమ్మనివాడు రేపు పెళ్ళాన్నేం నమ్ముతాడు అన్నారు. తాళి ముడి కూడా రోజూ చూసుకుంటావటగా?"

అది ఎవరి మాటో వాడు అడగలేదు. ఆ మాటతీరు ఎవరిదో వాడికి తెలియనిది కాదు. ఆ సాయంత్రం వరండాలో ఎవరో తాళం సీను అడిగారు. నేను తలవంచుకుని కూర్చుంటే, వాడే లేచాడు. లాగి చూశాడు, మెట్లు దిగాడు, ఎక్కి వచ్చి మళ్ళీ లాగాడు, ఆఖరున మెడ దగ్గర చేతులు పెట్టి ముడి చూస్తున్నట్టు కూడా చేశాడు. అందరికన్నా ముందు వాడే నవ్వాడు.

క్షమించమని అడగలేకపోయాను. రేపు అడుగుదాం, నలుగురూ లేనప్పుడు అడుగుదాం అనుకుంటూండగానే నా పెళ్ళి వచ్చిపడింది. పంక్తుల మధ్య సాంబారు బకెట్టు పట్టుకుని వాడే అందరికీ వడ్డించాడు. అప్పుడు మా మామగారు నన్ను పక్కకు పిలిచి వాణ్ణి చూపించి, "నీకు డిగ్రీ లేదని నేను వెనకాడుతుంటే, ఆ అబ్బాయి ఏమన్నాడో తెలుసా? నాకు పెళ్ళీడు చెల్లెలుంటే మీ దాకా రానిచ్చేవాణ్ణా అండీ అన్నాడు. ఆ ఒక్క మాటతో ఖాయం చేసుకున్నాను" అన్నారు. ఆయన వాకబుకు వచ్చేటప్పటికి నేను అడితిలో ఉన్నానట. అంత మంచి మాట చెప్పి, చెప్పినట్టు కూడా వాడు నాతో అనలేదు.

తర్వాత వాడు బందరు వెళ్ళిపోయాడు. అనుమానం మనిషన్న పేరు చుట్టాల్లో పాకడంతో సంబంధాలు ఆలస్యమయ్యాయని విన్నాను. ఎప్పటికో శుభలేఖ వస్తే, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని అడితిలో పని పెట్టుకున్నాను.

అమ్మాయి ఇంకా నా సమాధానం కోసం చూస్తోంది. "మెతకవాడు స్నేహితుడేనమ్మా" అన్నాను. మరి మాటకారో అంది. మెతకవాడు లేనప్పుడు వాడేమంటాడో సీరియల్లో చూపించలేదు కదా అన్నాను. మా ఆవిడ నవ్వింది. ఆమెకు ఈ కథలో మా పెళ్ళికి వాడు చెప్పిన మంచి మాట వరకే తెలుసు.

ఇప్పుడు వాకబుకు ఎవరూ లాడ్జి మెట్లెక్కరు. ఫోన్లో ఫోటోలు చూసుకుంటారు, జీతం కాగితాలు చూసుకుంటారు. హాస్టళ్ళలో పక్కపక్క మంచాల మీద ఎవరి చెవుల్లో వాళ్ళ పాటలు. ఒకరి బతుకు ఇంకొకరి నోట్లో పడే ప్రమాదం లేదు, మంచిదే. కానీ ఒకరి మంచితనం ఇంకొకరి నోట పలికే చోటు కూడా దానితోనే పోయింది. ఆ చోటు ఉన్న రోజుల్లో, నా వంతు వచ్చిన పూట, నేను దాన్ని నలుగురి నవ్వుకు ఖర్చు చేసేశాను.