మా నాయన వచ్చింది

మా నాయనను ఆడమనిషిని చేసిన ఘనత ఒక బటన్‌కు దక్కుతుంది.

బ్లాగు రాసే పేజీ పైన వరసగా బటన్లు ఉండేవి. అక్షరాన్ని లావు చేసేదొకటి, పక్కకు వంచేదొకటి, ఫొటో ఎక్కించేదొకటి. వాటి చివర ‘అ’ అని రాసి ఉన్న బటన్. దాన్ని నొక్కి, ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొట్టి, స్పేస్ నొక్కితే చాలు, తెలుగులో అమ్మ ప్రత్యక్షం. మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాచారంలో మందుల కంపెనీ స్టోర్స్‌లో డబ్బాలకు చీటీలు అంటించుకునే మనిషిని, ఉప్పల్ పాత ఊళ్ళో పుట్టి అక్కడే పెరిగినవాణ్ణి. తెలుగులో రాసి లోకం మీదికి వదలొచ్చని తెలిస్తే నిలబడనా మరి?

నాకీ విద్య నేర్పింది మా పై పోర్షన్‌లో కిరాయికి ఉండే లెక్కల మాస్టారు. కృష్ణా జిల్లా మనిషి. ఏఎస్ రావు నగర్ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి రైలు ప్రయాణాల మీదా ఆవకాయ మీదా బ్లాగు రాసేవాడు. ఆయన టపాల్లో రైలు ఎప్పుడూ ఆలస్యమే, ఆవకాయ ఎప్పుడూ అమ్మమ్మదే. బ్లాగులోకంలో రాసినదాన్ని టపా అనాలని కూడా ఆయనే చెప్పాడు. నన్ను ‘అన్నగారూ’ అనేవాడు, నేను ‘తమ్మీ’ అనేవాణ్ణి.

మొదటి టపా మా నాయన మీద రాశాను. మూసీ ఒడ్డున గడ్డి మడి నుంచి ఆయన ఇంటికి రావడం, కాళ్ళు కడుక్కోవడం, అరుగు మీద కూర్చొని చుట్ట ముట్టించడం. ‘వచ్చిండు’ అని కొట్టి స్పేస్ నొక్కాను. ‘వచ్చింది’ అని పడింది. ‘కడుక్కున్నడు’ అంటే ‘కడుక్కున్నది’ అని పడింది. ఆ బటన్‌కు మా మాట తెలియదు. తెలియదని ఒప్పుకోదు కూడా, తనకు తెలిసిన మాటల్లో దగ్గరిదాన్ని తెచ్చి మొహాన కొడుతుంది. నేనా, రాసింది మళ్ళీ చదువుకునే ఓపిక లేనివాణ్ణి. ‘ప్రచురించు’ నొక్కేసి పడుకున్నాను. తెల్లారేసరికి కామెంట్లు. మీ నాయనమ్మగారిని కళ్ళకు కట్టినట్టు చూపించారని ఒకాయన. ఆ కాలంలో ఆడవాళ్ళు చుట్ట తాగడం మామూలేనని, తమ ఊళ్ళోనూ ఒక ముసలమ్మ ఉండేదని ఇంకొకావిడ.

మాస్టారు నవ్వాపుకుంటూ మెట్లు దిగి వచ్చాడు.

“వచ్చాడు అని కొట్టండి అన్నగారూ. చక్కగా పడుతుంది.”

కొట్టాను. నిజమే, చక్కగా పడింది. అప్పటి నుంచి మా నాయన వచ్చాడు, కూర్చున్నాడు, వెళ్ళాడు. ‘గిట్ల’ అని కొడితే ‘గిట్టల’ అని పడుతుంది కాబట్టి ‘ఇలా’ అని రాశాను. ఆడమనిషిగా ఉండటం కన్నా బెజవాడ మనిషిగా ఉండటం నయం కదా అని మా నాయన తరఫున నేనే సర్దుకున్నాను.

ఆ రోజుల్లోనే రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డెక్కింది. నేనూ ఉప్పల్ చౌరస్తాలో ధర్నాలో కూర్చొని, మన మాట మనం మాట్లాడుకోవాలని గొంతు చించుకునేవాణ్ణి. ఇంటికొచ్చి నీళ్ళు తాగి, కంప్యూటర్ ముందు కూర్చొని ‘మా నాన్నగారు ఇలా సెలవిచ్చారు’ అని రాసేవాణ్ణి. మా నాయన ఉండి ఉంటే ఆ నాన్నగారెవరో అని ఇల్లంతా వెతికేవాడు. ఇప్పుడు చూడండి, ఈ జ్ఞాపకం పుస్తకానికి రాయాలనేసరికి నా భాష మళ్ళీ ఇస్త్రీ చొక్కా తొడుక్కొని కూర్చుంది. అలవాటు అంత తొందరగా పోదు. మనుషుల నోటి మాటలు మాత్రం ఎవరివి వాళ్ళకే వదిలేశాను. అది మా ఇంటామె పెట్టిన షరతు.

అసలు బాధ అంతా ఆమెతోనే. నాకు చదివేవాళ్ళు బాగానే దొరికారు. చదవాలని నేను కోరుకున్న మనిషి మాత్రం చదవలేదు. చదువు రాదా అంటే, చదవందే ముద్ద దిగని మనిషి. పేపరు చేతికొస్తే టెండరు నోటీసుల దాకా వదలదు. మిర్చి బజ్జీల పొట్లం తెస్తే బజ్జీలు నా చేతిలో పెట్టి, నూనె కాగితం తను తీసుకుంటుంది. నా బ్లాగు తెరిచి చూపిస్తే మాత్రం మూడు లైన్లు చదివి, బియ్యంలో రాళ్ళు ఏరాలని లేచిపోయేది.

“ఏమైందే? మంచిగ లేదా?”

“ఎందుకు లేదు? రేడియోల వార్తలు సదివినట్టున్నది.”

ఒకసారి పట్టుదలకు పోయాను. ఆమె మీదే రాస్తే చదవకుండా ఎక్కడికి పోతుందని, మా పెండ్లయిన కొత్తలో జరిగిన బర్రె కథ రాశాను. ఆమెది చెంగిచెర్ల. కొత్త కోడలుగా వచ్చిన వారంలోనే మా అమ్మ ఆమెకు బర్రెను అప్పగించింది. ఆమె ఎటు చూసిందో ఏమో, బర్రె పోయి మా పాలోళ్ళ, అంటే దాయాదుల, గడ్డి మడిలో పడి మేసింది. అప్పుడు మా అమ్మ తిట్టిన తిట్లు ఊరంతా విన్నది. ఆ ఘట్టాన్ని నేనిలా రాశాను: ‘మా అమ్మ కొత్త కోడలిని సున్నితంగా మందలించి, అనంతరం ఆప్యాయంగా భోజనం వడ్డించింది.’ నా బ్లాగు మొత్తంలో ఇంత మంచి వాక్యం లేదనుకున్నాను. మాస్టారు కింద ‘అద్భుతం’ అని కామెంట్ పెట్టాడు.

అప్పటికి మా అమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ అత్తాకోడళ్ళకు ఒక్క పూట పడేది కాదు. పోయాక ఈమె ఏ పనిలోనో ఉండి ఉన్నట్టుండి, “తిట్టేటామె పోయింది, ఇగ ఇంట్ల సప్పుడే లేదు” అనేది. అందుకే ఈ టపా ఆమె చదివి తీరాలని నాకు అంత పట్టుదల. ఆఫీసులో బతిమాలి ప్రింటు తీయించి, మడత పడకుండా అట్ట మధ్య పెట్టుకొని తెచ్చి ఇచ్చాను.

మా ఇంటామె జాకెట్లు కుడుతుంది. మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి కుట్టుమిషను పక్కన బల్ల మీద నా టపా జాకెట్ చేతి ఆకారంలో కత్తిరించి ఉంది. ‘ఆప్యాయంగా’ అనే మాట చంక దగ్గర సగానికి తెగింది.

“మంచిగున్నది” అంది నన్ను చూసి.

“ఏంది, కథనా?”

“కాయితం. గట్టిగున్నది. మల్ల మల్ల పనికొస్తది.”

నాకు ఏడుపొక్కటే తక్కువ. అలిగి అన్నం తిననన్నాను. సరేనని గిన్నె మూత పెట్టింది. చేసేది లేక లేచి నేనే వడ్డించుకున్నాను.

రాష్ట్రం రావడానికి కొంచెం ముందు బ్లాగుల కంపెనీవాళ్ళు ఎడిటర్‌ను మార్చారు. ఎడిటర్ అంటే మనిషి కాదు, మేము టపాలు రాసుకునే ఆ పేజీ. కొత్తది దవాఖానా గోడలాగ తెల్లగా ఉండేది, ఏ బటన్ ఎక్కడుందో తెలిసేది కాదు. మూలన చిన్నగా ‘పాత ఎడిటర్‌కు వెళ్ళండి’ అని ఒక లింకు ఇచ్చారు. అందరం రోజూ ఆ లింకు నొక్కి పాత దాంట్లోకే దూరేవాళ్ళం. ఖాళీ చెయ్యమంటే దసరా పోనీ, పిల్లల పరీక్షలు కానీ అని జరుపుతారు చూడండి కిరాయిదార్లు, సరిగ్గా అలాగ. ఈ పోలిక మాస్టారి ముందు అంటే ఆయన ఎటో చూస్తూ దగ్గాడు.

ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున చూస్తే ఆ లింకు లేదు. దాంతోపాటే ‘అ’ బటనూ లేదు.

ఇక బ్లాగర్ల ఏడుపు చూడాలి. ఒకాయన పాత ఎడిటర్ ఫొటోకు దండ వేసి టపా పెట్టాడు. కింద అందరూ ఆత్మశాంతి కోరారు. ఒకావిడ ఇక తెలుగులో రాయడం తన వల్ల కాదని, శాశ్వతంగా సెలవని ప్రకటించి, ఆ ప్రకటన కింద వచ్చిన ప్రతి ఓదార్పుకూ సాయంత్రం దాకా తెలుగులోనే జవాబులిచ్చింది. ఎలా కొట్టిందని ఎవరూ అడగలేదు. మా మాస్టారైతే పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

“ఇప్పుడెలాగండీ అన్నగారూ? ఆవకాయ సీజను కూడానూ!”

“జర ఆగు తమ్మీ, ఏదో ఒకటి దొరుకుతదిలే” అన్నానే గాని, నాకూ కాళ్ళూ చేతులూ ఆడలేదు. పాపం ఆయనే ఎండలో స్కూటరేసుకొని పీర్జాదిగూడలో ఇంకో బ్లాగర్ ఇంటికి పోయి, పెన్‌డ్రైవ్‌లో ఒక టైపింగ్ సాఫ్ట్‌వేర్ పట్టుకొచ్చి నా కంప్యూటర్లో ఎక్కించాడు.

“దీనికి మన బటనంత తెలివి లేదండీ. మీరేది కొడితే అదే పడుతుంది. సరిచేసి పెట్టదు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ మీరే చూసుకోవాలి” అని జాగ్రత్తలు చెప్పి పైకి పోయాడు.

మధ్యాహ్నం తిన్నాక పరీక్షకు కూర్చున్నాను. పరీక్షకు కొత్త కథెందుకని పాత బర్రె కథే మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం కొట్టాలి, ఒక్కో ఒత్తు వెతకాలి. మాట నోటితో అనుకుంటే తప్ప వేలు కదలడం లేదు. పక్కనే మా ఇంటామె మిషను తొక్కుతోంది, ఆ చప్పుడులో నా గొణుగుడు ఎవరికి వినిపిస్తుందని పైకే అనుకుంటూ కొడుతున్నాను. మా అమ్మ తిట్టే చోటికి వచ్చాను. వేళ్ళు అలవాటుగా ‘సున్నితంగా’ కోసం పోయాయి గాని నోరు కదల్లేదు. మా అమ్మను నోటితో అనుకుంటే మా అమ్మే వచ్చింది.

“ఏందే, బర్రె పోయి మడిల వడ్డది కనిపిస్తలేదా? కండ్లు నెత్తికెక్కినయా? మీ చెంగిచెర్ల బర్రెలు ఆటికవే ఇంటికొస్తయేమో, మా బర్రెకు గడ్డి ఒక్కటే ఎరుక. పాలోళ్ళు ఇంటి మీదికొస్తే మీ అవ్వొచ్చి జవాబు జెప్తదా? మాట్లాడవేందే? నోట్ల నాలికున్నదా, బర్రెతోని మేతకు తోలినవా?”

మిషను ఆగింది. దారం తెగిందేమో అనుకున్నాను.

“మల్ల సదువు” అంది.

చదివాను. లేచి వచ్చి నా వెనక నిలబడింది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

“బర్రెతోని గాదు. దూడెంబడి తోలినవా అన్నది. దూడ గూడ బర్రెంబడే పోయె గద, మరిసినవా? రాయి. ఇంక పొద్దుమీకి బువ్వ కాడ నన్ను కూసోబెట్టి ఏమన్నదో నీకు ఎరుకనా? నువ్వు ఇంట్లనే లేవు.”

“చెప్పు మరి.”

చెప్పింది. నేను కొట్టాను.

“తిట్లు తింటే కడుపు నిండుతదా? తిను. ఇంకింత పెరుగేసుకో. నువ్వు ఏడిస్తే మా బర్రె పాలెక్కువిస్తదా ఏంది?”

పడిన మాటను పడినట్టే ఉంచింది ఆ తెలివిలేని సాఫ్ట్‌వేర్. ఆమె వంగి స్క్రీన్ మీద మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. బియ్యంలో రాళ్ళు గుర్తు రాలేదు. పాత ఎడిటర్ పోయిన రోజే మా ఇంట్లో కొత్త ఎడిటర్ వచ్చింది, ఈసారి ‘వచ్చింది’ అన్నదే సరైన మాట అని నాలో నేనే మురిసిపోతూ కూర్చున్నాను. ఆఖరి దాకా చదివి నా భుజం మీద ఒకటి చరిచింది.

“ఇన్ని దినాలు ఎవ్వలమ్మను రాసినవయ్యా?”

వెక్కిరిస్తోందనుకొని తలెత్తి చూశాను. కళ్ళ నిండా నీళ్ళు. స్క్రీన్ వైపు తిరిగి ‘ప్రచురించు’ నొక్కాను.

టపా పెట్టిన కాసేపటికే మాస్టారు హడావుడిగా దిగి వచ్చాడు.

“అన్నగారూ, సాఫ్ట్‌వేర్ సరిగ్గా పడలేదేమోనండీ. మీ టపా నిండా తప్పులొచ్చాయి. ఎవరైనా చూసేలోపు తీసేద్దాం.”

“తప్పులు గావు తమ్మీ” అంది మా ఇంటామె ముక్కు తుడుచుకుంటూ. “గవి మా అత్తమ్మ తిట్లు. ఒక్కటి గూడ తియ్యొద్దు.”

ఆయన మళ్ళీ స్క్రీన్ మీదికి వంగి, ఈసారి నెమ్మదిగా చదివాడు. నాలికను మేతకు తోలిన చోటికొచ్చేసరికి పకపకా నవ్వాడు.

“మా అమ్మమ్మ కూడా ఇంతేనండీ బాబూ. కూర్చోబెట్టి తిట్టేది, తిట్టి పెట్టేది. నేనే ఆవకాయ ఒక్కటి రాసి ఊరుకున్నాను” అంటూ పైకి పోయాడు. ఆ రాత్రి ఆయన ఆవకాయ టపాలో మొదటిసారి అమ్మమ్మ ఎవరినో తిట్టింది.

మర్నాడు పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే మా ఇంటామె గుమ్మం దాకా వచ్చింది.

“ఆఫీసుల అచ్చుగొట్టించుకొనిరా దాన్ని. గట్టి కాయితం మీదనే.”

దొరికింది సందు అనుకున్నాను. ఎన్నాళ్ళ కసి!

“ఎందుకు? ఈసారి చేతులకా, మెడకా?”

“థూ!” అంది. “అత్తమ్మ మీద కత్తెర పెడ్తనా?”