టీ మొక్కల చుట్టూ నేను వేసిన ముగ్గు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా ఇంటి పెరట్లో మూడు వందల టీ మొక్కలు ఉండేవని చెబితే మా మనవలు నవ్వుతారు. ఎండాకాలంలో కాకులు కూడా నీడ వెతుక్కునే ఊళ్ళో టీ ఏమిటి నానమ్మా అంటారు. నిజానికి అవి మా ఊళ్ళో పెరగడానికి వచ్చినవి కావు. పైన ఏజెన్సీలో ఒక చల్లటి కొండవాలు మీదికి వెళ్ళవలసిన నారు. అక్కడ వేసవిలో నీళ్ళుండవు, మా పెరట్లో మంచి నుయ్యి ఉంది. అందుకని వానలు పడేదాకా కొబ్బరాకుల పందిరి కింద, సంచుల్లో, మా ఇంట్లో విడిది చేశాయి.

వాటిని తెచ్చినవాడు మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య. వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే ఉండేవాడు. కొండ మీద కాఫీ పండుతోంది కదా, టీ ఎందుకు పండదని ఆయన పట్టుదల. తిరగ్గా తిరగ్గా ఒక కొండ కుటుంబం సరేనంది. ఏటా చోళ్ళు, అంటే రాగులు, చల్లుకునే వాలును ఆ ఏడు టీకి వదిలేసి, అంతటా గుంతలు తవ్వేసుకున్నారు. విత్తనానికని దాచిన చోళ్ళు కూడా అంబలి కాచుకుని తాగేశారు. ఈ మొక్కలు పోతే వాళ్ళకు టీ ఉండదు, చోళ్ళూ ఉండవు. ఇంట్లో నలుగురు పిల్లలు. ఇదంతా నాకు అర్థమయ్యేలా చెప్పి మరీ మావయ్య నీళ్ళు పోసే పని నాకు అప్పగించాడు.

నాకప్పుడు పదేళ్ళు. పనంటే బద్ధకం గానీ పెత్తనమంటే ప్రాణం. వేసవి సెలవులు కావడంతో పొద్దున్నే చెంబు పట్టుకుని పందిరి కింద దూరేదాన్ని. ఆ కొండ కుటుంబం ఆవిడ సంతకు దిగినప్పుడల్లా అడ్డాకుల గంప మా అరుగు మీద దించి, ముందు మొక్కల్ని చూసుకుని, ఆ తర్వాతే మజ్జిగ తాగేది. నా వైపు చూసి నవ్వేది. ఆ నవ్వుతో నేను మరీ పెద్దదాన్ని అయిపోయాను.

నీళ్ళు పోసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. మా మామ్మ రోజూ తులసికోట చుట్టూ ముగ్గు పెట్టేది. తులసమ్మకు ముగ్గుండి, మా ఇంటికి చుట్టాలుగా వచ్చిన మొక్కలకు లేకపోవడం నాకు తప్పనిపించింది. పైగా పందిరి కింద చీమలు. ఉగాదికి గోడలకు వెల్ల వేయగా మిగిలిన సున్నం తొట్టి అడుగున గడ్డకట్టి ఉంది. దాన్ని మెత్తగా దంచి, ముగ్గుపిండిలో కలిపితే ఎంత తెల్లగా వచ్చిందో! రోజు విడిచి రోజు, ఒక్కొక్క మొక్క మొదట్లో, మట్టి మీద గుండ్రంగా చిన్న గీత వేసేదాన్ని. మర్నాడు నీళ్ళు పోస్తే అది మట్టిలోకి ఇంకిపోయేది. మళ్ళీ వేసేదాన్ని. మామ్మ చూసి మురిసిపోయి, ఈ పిల్ల చేతిలో లక్ష్మి ఉందంది. మావయ్య చీకటితో సైకిలెక్కితే దీపాలు పెట్టాక వచ్చేవాడు, ఆయన కంట పడలేదు.

నెల తిరిగేసరికి మొక్కలకు కొత్తగా వచ్చే ఆకులు పసుపుపచ్చగా రావడం మొదలెట్టాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, మధ్యంతా వెలిసిపోయేది. కొన్నిటికి లేత ఆకు తెల్లగా పాలిపోయి, విచ్చుకోకుండానే మాడిపోయింది. నాకు భయం పట్టుకుంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక సలహా పారేసేవారు. పక్కింటి మేష్టారైతే ఇంత యూరియా జల్లి పారేస్తే సరి అని రోజూ గోడ మీంచి కేకేసేవారు. నేనూ మావయ్య వెంటపడ్డాను, బేగి యూరియా తెమ్మని.

మావయ్య తొందరపడే మనిషి కాదు. ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక మొక్కకు అడుగున ఉన్న ముదురాకునూ పైన ఉన్న లేతాకునూ చూపించాడు. ముదురాకు నవనవలాడుతోంది. యూరియాలో ఉండే నత్రజని తక్కువైతే ముందు ముదురాకే పసుపుబారుతుందని, తన తిండిని పైనున్న పిల్ల ఆకులకు పంపించేసి తాను పస్తుంటుందని చెప్పాడు. అది విని నాకు ఎందుకో ఏడుపొచ్చింది. ఇక్కడ అలా లేదు, పిల్ల ఆకులే పాలిపోతున్నాయి. ఇది ఇనుము అందని జబ్బు. ఒక ఆకులో చేరిన ఇనుము ఇంకో ఆకుకు కదిలి వెళ్ళదు, వేరు కొత్తగా తెచ్చిపెట్టాల్సిందే. జబ్బేదో తెలియకుండా యూరియా పోస్తే లాభం లేదన్నాడు. బాగున్న మొక్కకైనా అది ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది గానీ, ఆ ఆకుతో కాచిన టీకి వాసనా ఉండదు, రుచీ ఉండదట.

"మరి మనం తెచ్చింది ఎర్రమట్టే కదమ్మడూ, దాన్నిండా ఇనుమే. ఉన్నది అందట్లేదంటే అడ్డం ఏటో ఉండాలి," అంటూ లేచి, గదిలోంచి ఒక చిన్న గాజుసీసా తెచ్చాడు. అందులో ఘాటైన ద్రావకం, అదే యాసిడ్. ఒక సంచిలో మట్టి మీద ఒక్క చుక్క వేశాడు. బుసబుసమని నురుగొచ్చింది. మూలనున్న బస్తాలోంచి వాడని మట్టి తీసి దాని మీదా ఒక చుక్క వేశాడు. అది ఊరికే ఇంకిపోయింది.

"సున్నం," అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆయన వాటికేసే చూస్తున్నాడు.

టీ మొక్కకు పుల్లటి నేల కావాలని, సున్నం పడితే ఆ పులుపు విరిగిపోతుందని, అప్పుడు ఇనుము ఎదురుగా ఉన్నా వేరు తీసుకోలేదని నాకు చెప్పాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కాసేపు ఏడ్చి మర్చిపోదును. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, చీమలు పోతాయని, అందంగా ఉంటుందని నేనే వాటిని చంపుతున్నాను. ఆ నలుగురు పిల్లలు గుర్తొచ్చారు. మర్నాడే సంత. ఆవిడ వస్తుంది. నూతినీళ్ళు పడలేదని చెప్పెయ్ మావయ్యా అని బతిమాలాను. సిగ్గు లేకుండా అడిగాను, ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

"ఆవిడకి నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను," అన్నాడు.

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు గానీ, పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డట్టు గుర్తు. ఆవిడ వెళ్ళి ఒక మొక్క దగ్గర కూర్చుంది. మాడిన చిగురును వేలితో తాకి, ఎన్ని బతుకుతాయి బాబూ అని మావయ్యని అడిగింది. తెలీదమ్మా అన్నాడు ఆయన. మంచి అడవిమట్టిలోకి మారిస్తే కొన్ని నిలబడొచ్చన్నాడు. అప్పుడావిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"కోడి గింజలు తిననప్పుడు ఇంకో గుప్పెడు జల్లం పాపా. గొంతులో ఏటి అడ్డడిందో సూత్తాం. అడ్డం ఏటో నువ్వు సెప్పీసినావు కదా. మన్ను మాకు నేదేటి? అట్టుకొత్తాం. నువ్వూ ఓ సెయ్యెయ్యాల."

మూడో నాటికి ఆవిడా, భర్తా బస్సు టాపు మీద బస్తాల్లో నల్లటి మట్టి వేసుకుని దిగారు. చెట్ల కింద ఆకులు కుళ్ళిన మట్టి, వాన వాసన వేసేది. రెండు రోజులు నలుగురం పందిరి కిందే ఉన్నాం. సంచి కోయడం, వేరు తెగకుండా పైమట్టి రాల్చడం, కొత్త మట్టిలో నాటడం. మావయ్య అంగట్లోంచి అన్నభేది తెచ్చి, నీళ్ళలో కరిగించి నిమ్మరసం పిండి ఆకుల మీద చల్లించాడు. అన్నభేది అంటే ఇనుము ఉప్పే, వేరు కోలుకునేదాకా ఆకుతోనే ఇనుము తాగించడమన్నమాట. నా గోళ్ళ నిండా మట్టే. ఆవిడ నా మీద ఒక్క మాటైనా తూలలేదు సరికదా, వేరును ఎలా పట్టుకోవాలో చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పింది.

వంద మొక్కలు పోయాయి. ఆ సంగతి దాచి, అన్నీ బతికాయని కథలో లాగ చెప్పలేను. మిగిలిన రెండు వందలకు పదిహేను రోజుల్లో పచ్చటి చిగురొచ్చింది. మొదటి వానలకు లారీ ఎక్కి కొండకు వెళ్ళాయి. ఖాళీగా ఉండిపోయిన గుంతలు పూడ్చేసి, ఆవిడ పుట్టింటి నుంచి విత్తనం తెచ్చుకుని ఆ నేలచెక్కలో చోళ్ళు చల్లింది. ఆ ఏడు వాళ్ళింట్లో పొయ్యి ఆరలేదని మావయ్య చెప్పినప్పుడు గానీ నాకు అన్నం సయించలేదు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆ కొండకు వెళ్ళాను. మొక్కలు నడుమెత్తున ఉన్నాయి. ఆవిడే చిగుళ్ళు గిల్లి, చేత్తో నలిపి, ఆరబెట్టి దాచిన ఆకుతో పాలు లేకుండా టీ కాచి ఇచ్చింది. ఎర్రగా, కాస్త వగరుగా, ఎంత మంచి వాసనో.

ఆ ఏడే నా తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఏది అడిగినా నోరు విప్పేది కాదు. నేను రెట్టింపు హోంవర్కు ఇచ్చాను, బడి వదిలాక కూర్చోబెట్టి చెప్పాను. ఇంకా ముడుచుకుపోయింది. ఒక మధ్యాహ్నం, మళ్ళీ ఏదో ఇవ్వబోతూ ఆగి, రోజూ ఆ పిల్లతో నేనేం మాట్లాడుతున్నానో తలుచుకున్నాను. "మీ అక్క ఎంత బాగా చదువుతుందే!" రోజుకొక్కసారైనా, ముద్దు చేస్తూనే అనేదాన్ని. తప్పు నాదేనని ఆ పిల్లతో చెప్పి, ఆ మాట మానేశాను. హోంవర్కూ తగ్గించాను. మెల్లగా, పరీక్షల ముందు, ఆ పిల్ల చెయ్యెత్తింది.

ప్రేమతో చేసిందే కదా అని నన్ను నేను ఎన్నడూ వదిలిపెట్టుకోలేదు. నా దగ్గరున్న వాళ్ళు ఎవరైనా వాడిపోతుంటే, ఇంకేం పెట్టాలా అని పరుగెత్తే ముందు, ఇన్నాళ్ళూ నా చేత్తో ఏం పోస్తూ వచ్చానో చూసుకుంటాను. అది కనబడితే, పక్కన ఎవరూ నిలబడకపోయినా, వాళ్ళతో నేనే చెబుతాను.