ఇమ్మానన్న ఏమీ అనని ఆట

ఇమ్మానన్న లేడు.

నిన్న సాయంత్రం వాళ్ళావిడ సుశీలక్క ఫోన్ చేసి, "మీ అన్న పోయినాడు పాపా" అంది.

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. ఎందుకంటే మధ్యాహ్నమంతా ఆయన నాకు ఫోన్‌లో కోచింగ్ ఇచ్చాడు.

"అదేందక్కా, ఇంతకుముందే గదా నాతో లైన్లో ఉండాడు" అన్నాను.



మీలో చాలామందికి ఆయన తెలీదు. కర్నూల్లో బళ్లారి చౌరస్తా దగ్గర, టైర్ల షాపు పైన పూల్ పార్లర్ నడిపేవాడు. అదే, స్టిక్‌తో బాల్స్ కొట్టి టేబుల్ పాకెట్లలో వేసే బిలియర్డ్స్ లాంటి ఆట. సొంతూరు కమలాపురం. నాకు గురువు.

నా సంగతి మాత్రం మీ అందరికీ తెలుసు. ఆఫీస్ పూల్ టోర్నమెంట్లో ప్రతిసారీ ఫైనల్ దాకా పోవడం, ఆఖర్న వేయాల్సిన బ్లాక్ బాల్ మిస్ చేసి మొహం వేలాడేసుకుని రావడం. మా ఆయన నాకు 'సెకండ్ ప్రైజ్ పద్మ' అని పేరు పెట్టి, చుట్టాలందరికీ చెప్పి పుణ్యం కట్టుకున్నాడు.

ఆ ఒక్క బాల్ కోసం లీవ్ పెట్టి ఇమ్మానన్న దగ్గర చేరాను. టేబుల్ ఒకటి, స్టూడెంట్ ఒకతి. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నం పార్లర్ తెరిచేదాకా అదే పని.

మొదట్లో అసలు బాల్స్ ముట్టుకోనివ్వలేదు. ఖాళీ సోడా బాటిల్ టేబుల్ మీద పడుకోబెట్టి, దాని మూతికి తగలకుండా స్టిక్ లోపలికి పంపి వెనక్కి తీయమనేవాడు. చేయి పడిపోయేదాకా అదే.

తర్వాత బాల్స్ ఇచ్చాడు. ఇచ్చి, తను గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

చూడడు. వింటాడు.

ఫ్యాన్ సౌండ్ అడ్డమని ఫ్యాన్ ఆపేసేవాడు. కర్నూలు ఎండల్లో ఫ్యాన్ ఆపడం అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను వంగి గురి చూసుకుంటూ, కొట్టబోయే ముందు తల కొంచెం లేపితే చాలు.

టక్.

వేలి ఉంగరంతో బెంచీ మీద కొట్టేవాడు. వీపు నా వైపే ఉండేది. ఎలా తెలిసేదో!

అడిగితే, "నీ ఊపిరి మారతాది పాపా. బాల్ పడేది సూడల్లని నీకు ఆత్రం. పడితే సప్పుడు వస్తాది గదా, సూసేదేముండాది?" అన్నాడు.

ఆయన రూల్ ఒకటే. "నేను టక్ అంటే తప్పు. ఊరికే ఉండానంటే సరిగ్గా కొడతాండావని. పొగిడేది నాకు రాదు."

అలా మొదలైన టక్ టక్ ఇంటిదాకా వచ్చింది. మా ఆయన టీ గ్లాసు బల్ల మీద పెడితే నేను తల దించేసేదాన్ని.

ఇంతలో ఆయనకి కిడ్నీల జబ్బు ముదిరింది. పార్లర్ మూసేసి, తాళం చెవి నా చేతిలో పెట్టి కమలాపురం వెళ్ళిపోయాడు. "నేర్సుకునేది మధ్యలో ఇడిసిపెట్టాకు. ఫోన్ ఆడ పెట్టు, ఈడ నేను సప్పుడు ఇంటా ఉంటా" అన్నాడు.

అప్పట్నుంచి నా ఫోన్ టేబుల్ అంచు మీద, స్పీకర్లో. ఆయన ఫోన్ ఆయన గుండెల మీద. తప్పు కొడితే ఇనప మంచం మీద ఉంగరంతో టక్. అంత దూరం నుంచి కూడా ఒక్కటీ వదిలేవాడు కాదు.

నిన్న మధ్యాహ్నం కూడా అంతే. "మొదలుపెట్టనా అన్నా?" అన్నాను. "కానీ పాపా" అన్నాడు.

మొదటి బాల్. ఏమీ లేదు.

రెండోది. ఏమీ లేదు.

గేమ్ మీద గేమ్ ఆడాను. ఫోన్‌లో వాళ్ళ వీధిలో మేకల అరుపులు తప్ప ఏమీ వినపడలేదు. ఇన్నాళ్ళకి ఆయన్ని ఊరికే ఉండేలా చేశానని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం నాకెప్పుడూ లేదు.

ఆఖరి గేమ్‌లో బ్లాక్ బాల్ ఒక్కటే మిగిలింది. వంగాను.

టక్.

ఇనుము మీద ఉంగరం. స్పష్టంగా. ఆగిపోయాను. నిజమే, తల లేచింది.

దించాను. కొట్టాను. చూడలేదు. పాకెట్లో పడిన సప్పుడు మాత్రం విన్నాను.

"అన్నా, విన్నావా?" అని అరిచాను. ఏమీ అనలేదు. అనకపోతే సరిగ్గా కొట్టినట్టే కదా! ఫోన్ పెట్టేసి, స్వీట్లు కొనుక్కుని ఇంటికి వెళ్ళాను.

తెల్లారేసరికి కమలాపురం చేరాను. సుశీలక్క నా చేయి పట్టుకుని చెప్పింది.

"నీకు 'కానీ' అన్న్యాక రవ్వసేపటికే పోయినాడు పాపా. అన్నం కలుపుకోని వచ్చేసరికి లేడు. నీ బాల్స్ సప్పుడు మాత్రం వస్తానే ఉండాది. ఇంటాండాడేమో అని ఫోన్ ఆపబుద్ధి కాలేదు. నువ్వు ఆపేదాకా కాళ్ళకాడనే కూసున్యా."

"మధ్యలో టక్ అని కొట్టింది నువ్వేనా అక్కా?"

"ల్యా. కదల్లేదు నేను."

"మరి ఉంగరం?"

"యేలు వాసిందని నిన్న పొద్దున్నే సబ్బు రాసి తీసినాం. బీరువాలో ఉండాది."

నేను ఒకటే అనుకుంటున్నాను. తప్పు చేసినప్పుడు టక్ అన్నాడంటే, మిగతాదంతా విన్నాడు. విని, ఊరికే ఉన్నాడు.

సమాధుల తోటలో పాస్టర్ గారు అందరినీ పిడికెడు మట్టి వేయమన్నారు. నేను తల దించుకుని వేశాను. పెట్టె మీద పడిన సప్పుడు విన్నాను.

తల లేపలేదన్నా. ఎక్కడా టక్ రాలేదు.

వెళ్ళిరా ఇమ్మానన్నా. ఇంక మా తప్పులు వినక్కర్లేదు. హాయిగా నిద్రపో.