సరోజిని వదిన ఆగకుండా పాడింది

ఊపిరితిత్తుల జబ్బున్న మేం పదిమందిమి ప్రతి గురువారం మాచర్లలో కలుస్తాం. ఈ రోజు సరోజిని వదిన, మనవడికి పాడే జోలపాట మొత్తం ఎక్కడా ఆగకుండా పాడింది. పోయిన ఏడాది నాకంటే ఎక్కువ ఆయాసపడిన మనిషి. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను గానీ లోపల కుళ్లుకున్నాను. చర్చిలో నేను ఒక్క చరణమైనా ఆగకుండా పాడి ఏడాదయింది.

“ఏంది వదినా, మందేమన్నా మార్చావా?” అని అడిగాను.

“అదే మందు. డాక్టరమ్మ చెప్పిన ఊపిరి కసరత్తు రోజూ పొద్దున్నే చేస్తన్నా. నువ్వు చేయట్లేదా?” అంది.

“ఎందుకు చేయట్లేదు, రోజూ చేస్తన్నా” అని అబద్ధమాడాను.

ఇంటికొచ్చి తలుపేసుకుని, పెదాలు సున్నాలా చుట్టి పది నిమిషాలు ఊదాను. డాక్టరమ్మ ఆరు నెలలు బతిమాలినా చేయని పని అది. మీకూ ఎవరినైనా చూసి ఇలా కుళ్లు పుట్టిందా? చెప్పండి, నేనొక్కదాన్నే కాదని కాస్త ధైర్యంగా ఉంటుంది.